మూయని ‘హ’

రేఖ చాయ్ తాగడానికి పోతూ మళ్ళీ తెరిచినది తెరిచినట్టే వదిలేసింది. స్వరాజ్యం నిట్టూర్చి, ఇటుక మీది నుంచి కాళ్ళు దించి, పక్క కంప్యూటరులో ‘స’ భాగాన్ని మూసి వచ్చి కూర్చుంది. పొట్టి మనిషి. కుర్చీలో కూర్చుంటే కాళ్ళు నేలకు అందవు. అందుకే పాత చీరముక్క చుట్టిన ఇటుకొకటి బల్ల కింద పెట్టుకుంది.

శంషాబాద్‌కు విమానాలొచ్చిన ఏడు ఈ మేడమీది ఆఫీసులో చేరింది. నాలుగేళ్ళుగా పని ఒకటే. నిఘంటువులోని మాటలు తెర మీదికి ఒక్కొక్కటే వస్తాయి. తప్పుంటే దిద్ది మీట నొక్కితే తర్వాతిది వస్తుంది. ఆఖరున మూయాలి. ఒకరు తెరిచి మూయకపోతే ఇంకొకరికి తెరుచుకోదు. ప్రోగ్రాము రాసిన హరిప్రసాద్ మొదటిరోజు చెప్పిన ఈ ముక్కను మనసున పెట్టుకున్నది ఆమె ఒక్కతే. మిగతావాళ్ళకు ఆమె ‘తాళాలక్క’ అయిపోయింది. ఏ పేరైతేనేం, పిలిచేవాళ్ళున్నారని ఆమెకు లోలోపల సంబరమే. మామిడిపల్లిలో కిరాయి గదికి పోతే పలకరించే దిక్కు లేదు.

ఈరోజు ‘హ’ అయిపోతే ఆమె పనీ అయిపోయినట్టే. రేపటినుంచి రానక్కర్లేదు. అందుకే పొద్దుటినుంచి ఒక్కో మాటనూ అవసరానికి మించి చూస్తోంది.

‘‘ఇగ ఒడిసిందా అక్కా?’’ రేఖ వచ్చి అడిగింది.

‘‘జర ఉంది.’’

‘‘మమ్మల్ని యాది మరువకు. ఫోన్ జేస్త తియ్.’’

నాలుగేళ్ళలో రేఖ ఒక్కసారీ చేయలేదు. స్వరాజ్యం నవ్వి తర్వాతి మాటకు మీట నొక్కింది.

సాయంత్రం చివరి మాట వచ్చింది. ఒత్తులన్నీ సరిగ్గానే ఉన్నాయి. మీట నొక్కితే ‘ఇంక మాటలు లేవు’ అంది తెర. మూయడమే మిగిలింది. ఆమె చేయి మీటదాకా వెళ్ళి ఆగిపోయింది. మూయకుండా పోతే రేపు ‘హ’ వీళ్ళకు తెరుచుకోదు, తనను పిలవక తప్పదు. ఆ ఆలోచనకు తనకే సిగ్గేసింది. అయినా తెర ఒక్కటే ఆర్పి, సంచి తగిలించుకుని, ‘‘పోయొస్త’’ అని ఎవరికీ వినబడనంత మెల్లగా చెప్పి మెట్లు దిగింది.

మర్నాడు రేఖ ‘హ’ తెరవబోతే, ‘స్వరాజ్యం దగ్గర తెరిచి ఉంది’ అని వచ్చింది.

‘‘అక్కకు ఫోన్ జెయ్యాల్నా సార్?’’

‘‘ఎందుకండీ, నా దగ్గరనుంచే మూసేయొచ్చు’’ అంటూ హరిప్రసాద్ మీట నొక్కాడు. మొదటినుంచీ ఆ వీలుందని స్వరాజ్యానికెవరూ చెప్పలేదు.

మామిడిపల్లిలో స్వరాజ్యం ఫోను చేత పట్టుకుని మధ్యాహ్నందాకా గడపలోనే కూర్చుంది. గది లోపల సిగ్నలు సరిగా అందదని.

ఆఫీసులో బల్ల కింద ఇటుక అలాగే ఉంది. దానికి చుట్టిన చీరముక్క రెండు చిన్న పాదాలంత మేర అరిగిపోయింది.