మూడా, ఎనిమిదా

సుంకప్ప కళ్ళు మూసుకొని రెక్క మీద వేలు నడిపిస్తున్నాడు. ఎదురుగా బల్ల మీద తెల్లటి ప్లాస్టిక్ చక్రం. కంప్రెసర్ లోపల తిరుగుతూ గాలిని లాగి బయటికి విసిరే చక్రానికి అది నమూనా.

రాయచూరు పారిశ్రామికవాడలోని ఆ చిన్న డిజైను ఆఫీసులో అతనికిది ముప్ఫై ఒకటో ఏడు. యాపలదిన్నిలో నాగళ్ళు చెక్కే తండ్రి దగ్గర ఉలి పట్టడం నేర్చి, చెక్క అచ్చులు చేసే పనికి వచ్చాడు. కంప్యూటర్లు వచ్చి అచ్చుల పని పోయాక వాటి మీద గీతలు గీసే, అంకెలు ఎక్కించే పని నేర్చాడు. తాను రూపు దిద్దిన చక్రాలు ఏ ఊళ్ళో తిరుగుతున్నాయో ఎప్పుడూ చూడలేదు. భార్య అంబమ్మ అడిగితే "గాలి మిషన్లు" అని ఊరుకునేవాడు.

ఈసారి పని కష్టమైంది. కంప్రెసర్ పెట్టె మారకూడదు, చక్రం పెద్దది కాకూడదు. గాలి మాత్రం మునుపటికి ఒకటిన్నర రెట్లు పోవాలి. అందుకని దారి వెడల్పు చేసి రెక్కలు పొడుగు చేశారు. పొడుగు రెక్కకు మొదలు దగ్గర ఒక వేగంతో, కొసన మరో వేగంతో గాలి తగులుతుంది కాబట్టి మొదలు నుంచి కొస దాకా మెలితిప్పుతూ పోవాలి. మెలిక ఎక్కడ తప్పినా గాలి రెక్కను వదిలేసి సుడి తిరుగుతుంది.

వేలు ఆగింది. వెనక్కి తెచ్చి మళ్ళీ నడిపాడు.

"స్ఫూర్తీ, ఇటు రా బిడ్డా. ఈడ చెయ్యి పెట్టు."

రెండేళ్ళ కింద చేరిన ఇంజనీరు స్ఫూర్తి వచ్చి వేలు పెట్టింది. "నాకేం తెలుస్తలేదు కాకా. లెక్కల్ల సాఫ్‌గ వచ్చింది గద?"

"లెక్క సాఫే ఉండొచ్చు. కొసకు పోంగ గూనున్నది సూడు."

ఆమె తన లెక్కల కాగితాన్నీ, నమూనా మిషన్‌కు పంపిన అంకెల పట్టీనీ పక్కపక్కన పెట్టుకొని చాలాసేపు చూసింది. కీబోర్డు రెండుమూడుసార్లు టకటకలాడింది.

"మిషన్ల ఏందో గడ్‌బడ్ అయింది కాకా. మళ్ళ పంపిన."

మిషన్ అంకెలు మార్చదని సుంకప్పకు తెలుసు. ఆమె లెక్క చూసి పట్టీలో అంకెలు ఎక్కించింది తనే. ఆమె టీకి వెళ్ళినప్పుడు ఆ కాగితాలు తీసి ముక్కుకు ఆనేంత దగ్గర పెట్టుకున్నాడు. నాలుగో కోణం లెక్కలో యాభై మూడు. తను ఎక్కించింది యాభై ఎనిమిది. అడుగున పాత పట్టీలు మరో మూడు ఉన్నాయి. ప్రతిదాంట్లో ఒక అంకె చుట్టూ పెన్సిల్‌తో సన్నటి సున్నా. నెలల తరబడి ఆమె దిద్దుతూ వస్తోంది. ఒక్క మాట అనలేదు.

కంటి నరం ఎండిపోతోందనీ, పోయిన చూపు తిరిగి రాదనీ డాక్టరు ఎండాకాలంలోనే చెప్పాడు. సుంకప్ప ఆ ముక్క అంబమ్మకు కూడా చెప్పలేదు. ఇప్పుడు ఆ పట్టీలు చూసి మొదట మొహం వేడెక్కింది. తర్వాత, ఆ సున్నాలు ఎంత మెల్లగా పెట్టిందో చూసి, కాగితాలు ఉన్నవి ఉన్నట్టే సర్దిపెట్టాడు.

సాయంత్రానికి కొత్త రెక్క వచ్చింది. కొస దాకా వేలు ఎక్కడా ఆగలేదు.

"ఇప్పుడు మంచిగున్నది" అని చెప్పి, మేనేజర్ జయతీర్థ గదిలోకి వెళ్ళాడు.

"రేపటి సంది నేను రాను సార్."

"ఏంది సుంకప్పా? రిటైర్మెంటుకు ఇంక పది నెలలే గద. ఎవరన్న ఏమన్న అన్నరా?"

"ఎవరేమనలేదు. నాకు కండ్లు కనిపిస్తలేవు. నా తప్పులు ఆ పిల్ల దిద్దుతున్నది. ఇయ్యాల వేలికి దొరికింది. దొరకని తప్పు బయటికి పోతే, ఆడ చక్రం పగులుతది. పక్కన మనుషులుంటరు."

జయతీర్థ అతని వైపు వంగాడు. "అంకెలు ఆమెనే ఎక్కిస్తది. నువ్వు చెయ్యి పెట్టి చూడు, చాలు."

"పిలువుండ్రి, వస్త. ఆ కుర్చీ మాత్రం వద్దు సార్."

గేటు దగ్గర స్ఫూర్తి పరుగున వచ్చి కలిసింది. "నేను సార్‌కు ఏం చెప్పలేదు కాకా!"

"నువ్వు చెప్పలేదనే నేను చెప్పిన."

బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. బోర్డులు ఆమే చదివింది. యాపలదిన్ని బస్సు రాగానే మోచెయ్యి పట్టుకొని మెట్టు దాకా వచ్చింది. అతను వద్దనలేదు.

మర్నాడు పొద్దున స్ఫూర్తి అతని సొరుగు ఖాళీ చేసింది. స్కేళ్ళు, అరిగిన గరుకు కాగితం తీశాక, లోపలి మూలన పెద్ద భూతద్దం ఒకటి కనిపించింది; దుకాణంలో కొన్నప్పటి ప్లాస్టిక్ కవరు, ఎండాకాలం నాటి బిల్లుతో సహా, ఇంకా చింపనేలేదు.