సైదులు బొమ్మ

కొడుకు పోయాడని సీతారాములుకు తెలుసు. ఏడుపే రాలేదు. తెలంగాణ కావాలంటూ ఊరేగింపుకు వెళ్లిన సైదులు తొక్కిసలాటలో కిందపడి, దవాఖానలో కన్నుమూశాడు. వల్లకాట్లో కూడా తండ్రి గుడ్లప్పగించి నిలబడ్డాడే తప్ప ఒక్క చుక్క రాల్చలేదు. చుట్టాలు ఊరుకుంటారా? "కన్నతండ్రేనా?" అని చెవులు కొరుక్కున్నారు. లోకులు కాకులు, ఏడ్చినా అంటారు, ఏడవకపోయినా అంటారు. కానీ ఆ మాట సీతారాములు కూడా తనను తాను రోజూ అడుగుతూనే ఉన్నాడు.

ఎల్బీనగర్ చౌరస్తాలో సంతాపసభకు సైదులు బొమ్మ కావాలని వచ్చినవాడు జంగయ్య, ఉద్యమంలో సైదులుతో కలిసి తిరిగినవాడు.

"బొమ్మలేసెటోనివి నువ్వుండంగ నీ కొడుకు బొమ్మ ఇంకొకలు ఏస్తే ఎట్లుంటదే, సీతారాములన్నా?"

సరేనన్నాడు. ఆ రోజుల్లో ఆయనకు ఏదైనా సరేననడమే తేలిక.

దిల్‌సుఖ్‌నగర్‌లో వెంకట్రావు ఇంటి మేడమీది గది ఆయన స్టూడియో. కొడుకు పోయాక కుంచె పడితే గీత కుదరడం లేదు. అందుకని ఆయిల్ స్టిక్స్ బయటికి తీశాడు. నూనెరంగునే కొవ్వొత్తిలా పోతపోసిన కడ్డీలవి. పిడికిట్లో బిగించి నేరుగా కాన్వాసు మీద రుద్దడమే. వాటితో ఒకటే పేచీ. తెల్లారేసరికి కడ్డీ చివర పాలమీద మీగడలా పొర కడుతుంది. చాకుతో ఆ తోలు తీస్తే గానీ రంగు దిగదు. కాన్వాసు మీద రుద్దిందీ అంతే, పైకి ఆరినట్టే ఉంటుంది, లోపల వారాల తరబడి పచ్చి.

ఆయన రోజూ తోలు తీసి గీసేవాడు. ముక్కు కుదిరింది. ఎడమ కనుబొమ్మ మీది గాటు కుదిరింది. చెంపలకు ఇటుకరంగు దట్టంగా పట్టించి వేలితో మెత్తాడు. గీస్తున్నంతసేపూ నీడ ఎక్కడ పడాలన్న ఆలోచనే తప్ప ఇది నా కొడుకు ముఖం అనిపించలేదు. ఇంత నిమ్మళంగా ఎట్లా గీస్తున్నానని భయమేసింది. ఆ భయం కూడా పక్కింటివాళ్లదేమో అన్నంత దూరంగా ఉంది.

సభ రోజు పొద్దున ఆయన భార్య అండాలమ్మ బొమ్మ చూడటానికి వచ్చింది. కొడుకు పోయాక ఆమె గడప దాటడం అదే మొదలు.

"ముట్టకు. ఇంక పచ్చిగనే ఉంది," అన్నాడు సీతారాములు, అటు తిరిగి కడ్డీలు సర్దుకుంటూ.

పెళ్లాం విన్నదో లేదో. బొమ్మ ముందు నిలబడి, రెండు చేతులతో కొడుకు చెంపలు నిమిరి, ఆ వేళ్లు తన కణతలకు ఆనించి మెటికలు విరిచింది. పటపటమన్న చప్పుడుకు సీతారాములు ఇటు తిరిగేసరికి జరగాల్సింది జరిగిపోయింది. బొమ్మ చెంపల మీద పొర చిట్లి వేళ్ల చారలు పడ్డాయి. ఆమె కణతలకు ఇటుకరంగు అంటింది.

"ఏం జేసినవే! సాయంత్రం సభ!"

"ఊరేగింపుకు పోయిన్నాడు వాడు తియ్యనియ్యలే," అంది అండాలమ్మ. "బస్సు ఎల్లిపోతదే అమ్మా, ఒచ్చినంక తియ్ దిష్టి, అన్నడు."

సీతారాములు కడ్డీ తోలు తీసి చెంప దాకా ఎత్తాడు. కాసేపు రుద్దితే చారలు మాయమవుతాయి. ఎందుకో మరి, దించేశాడు. పాతగుడ్డకు నూనె అద్ది ఆమె కణతలు తుడవబోతే ఆమె ముఖం తిప్పుకుంది.

"ఉండనియ్," అంది.

బొమ్మ కిందికి దించడానికి వెంకట్రావు సాయం పట్టాడు. భీమవరం మనిషి. "అంచులు పట్టుకోండి మాస్టారూ, రంగు చెడిపోతుంది," అంటూ మెట్టుమెట్టుకూ హెచ్చరిస్తూ దగ్గరుండి ట్రాలీ ఆటో ఎక్కించాడు.

ఎల్బీనగర్‌లో బొమ్మను వేదిక మీద నిలబెట్టారు. జంగయ్య బంతిపూల దండ పైకెత్తి, అట్లాగే ఆగిపోయాడు.

"అన్నా, చెంపల మీద గీ గీతలేంది? ఎవలన్న ముట్టిన్రా?"

"వాళ్లమ్మ," అన్నాడు సీతారాములు. "వాళ్లమ్మ దిష్టి తీసింది."

నోటినుంచి వచ్చాక గానీ ఆ మాట ఆయన చెవిన పడలేదు. అంతమంది మధ్య కూలబడి, గుండెలు బాదుకుంటూ ఏడ్చాడు. దండ బొమ్మకు తగలబోతుంటే చెయ్యి చాచి జంగయ్యను ఆపాడు.

"ఒద్దురా, చెరిగిపోతడు. ఇంక పచ్చిగనే ఉన్నడు నా కొడుకు."