తెర చూసొచ్చే మనిషి

ఇనుప నిచ్చెన సగం దిగి ఐలయ్య ఆగాడు. ఎడమచేత్తో కమ్మీ పట్టుకుని, కుడిచేత్తో ఛాతీ రాసుకుంటూ, ఎవరైనా చూస్తున్నారేమోనని హాలంతా కలియజూశాడు. కుర్చీలకు తెల్లగుడ్డలు తొడిగేవాళ్లు తొడుగుతున్నారు. వేదిక మీద పూలవాళ్లు బంతిదండలు కడుతున్నారు. తన వంక ఎవరూ చూడటం లేదని రూఢి చేసుకున్నాకే మిగతా మెట్లు దిగి, హాలు మధ్యకు నడిచి, తలెత్తి తెర చూశాడు.

సౌందర్య, సైదులు. పేర్లు సరిగ్గానే ఉన్నాయి. చుట్టూ గులాబీలు, పైన వినాయకుడు. ఇవన్నీ పైన కంప్యూటర్లో చూసి వచ్చినవే. అయినా దిగి చూడందే ఆయనకు తృప్తి ఉండదు. చూశాడు కాబట్టి ఇక మళ్లీ ఎక్కాలి.

కోదాడ బైపాస్ మీదున్న ఆ ఫంక్షన్ హాలులో సౌండు గది గుమ్మం నెత్తిన, వెనకగోడకు అటకలాగా అతుక్కుని ఉంటుంది. కట్టినవాళ్లు మంచి ఆలోచనతోనే దానికి అద్దాల కిటికీ పెట్టారు. కానీ పెళ్లంటే చాలు, డెకరేషన్ వాళ్లు పైకప్పు నుంచి గుడ్డల కుచ్చులు వేలాడదీస్తారు. అవి అడ్డొచ్చి గదిలోంచి తెర సగమే కనబడుతుంది. మిగతా సగం కోసమే ఐలయ్యకు ఈ ఎక్కడాలు, దిగడాలు.

ఈ అలవాటు వెనక ఒక చెంపదెబ్బ కూడా ఉంది. ఆ హాలులో పెళ్లిళ్లూ జరుగుతాయి, దశదినకర్మలూ జరుగుతాయి. కొన్నేళ్ల కింద ఒకరోజు పొద్దున ఒక పెద్దాయన దశదినకర్మ, సాయంత్రం ఒక రిసెప్షన్ పడ్డాయి. ఐలయ్య కంప్యూటర్లో కొత్త జంట ఫొటో పెట్టి నిశ్చింతగా కూర్చున్నాడు. తెర మీది బొమ్మను ఉన్నచోటే ఆపేసే బటన్ ఒకటి ప్రొజెక్టర్ రిమోట్‌కు ఉంటుందని, దాన్నెవరో నొక్కి పోయారని ఆయనకు తెలియదు. జంట వేదిక ఎక్కుతుంటే వాళ్ల వెనక తెర నిండా పూలదండ వేసిన ముసలాయన, కింద ‘అశ్రునివాళి’. పెళ్లికొడుకు మేనమామ నిచ్చెనెక్కి వచ్చి మరీ కొట్టాడు. లావుపాటి మనిషి, ఎక్కడానికి పాపం చాలా కష్టపడ్డాడు.

ఆ రోజు నుంచి ఐలయ్య కంప్యూటర్‌ను నమ్మడం మానేశాడు. అంతకుముందు మాత్రం ఎవరిని నమ్మాడు గనక! నడిగూడెంలో వాళ్ల నాయిన గొర్లు కాసేవాడు. అన్నీ దొడ్లోకి వచ్చాయని కొడుకులు ఎంత చెప్పినా, ముసలాయన లేచి, దొడ్డిలో దూరి, ఒక్కొక్క గొర్రె వీపు మీద చెయ్యివేసి చూస్తేగానీ అన్నానికి కూర్చునేవాడు కాదు. గొర్లు పోయాయి గానీ ఆ గుణం కొడుక్కి అచ్చంగా వచ్చింది. పాలవాడు పోస్తుంటే చెంబులోకి తొంగిచూస్తాడు. బస్సు బోర్డు చదివి కూడా కండక్టర్‌ను అడుగుతాడు, కండక్టర్ చెప్పాక పక్కసీటు మనిషిని అడుగుతాడు. దవాఖాన మాటెత్తితే, "పోతే లేని రోగం అంటగడ్తరు" అంటాడు.

అలాంటి మనిషి గదిలోకి ఆ పొద్దున, మాటమాత్రం చెప్పకుండా, రెండు కొత్త మానిటర్లు వచ్చి కూర్చున్నాయి.

తెర చూసి ఐలయ్య పైకి వచ్చేసరికి, బల్ల మీద ఉండాల్సిన టిఫిన్ డబ్బా, తువ్వాలు కుర్చీలోకి చేరి ఉన్నాయి. బల్ల మీద అట్టపెట్టెలు. బల్ల కింద రెండు కాళ్లు. సూర్యాపేటలో కంప్యూటర్లు బాగుచేసే మల్లేష్ కాళ్లవి.

"ఎవర్నడిగి తీసినవ్ నా సామాను?"

"సేటే పెట్టమన్నడు కాకా," బల్ల కిందనుంచి గొంతు వచ్చింది. "పాతదాంట్ల నీ పని నువ్వు చేస్కో. నడిమిదాంట్ల వీడియోవాళ్ల కెమెరా కనబడ్తది. గీ చివరిదాంట్ల తెరకు పోయేది కనబడ్తది. ఇగ నువ్వు కిందికి దిగే పనే లేదు."

"పోయేది కనబడ్తది. పోయింది గాడ చేరిందో లేదో ఎట్ల తెల్వాలె?"

మల్లేష్ బయటికి వచ్చి మోకాళ్లు దులుపుకుంటూ నవ్వాడు. "చేరక ఏడికి పోతది కాకా? గా వైరుకు ఇంకో తొవ్వ లేదు."

ఐలయ్య నవ్వలేదు. ఉన్నది ఒక్క మనిషి. ఒక్క మనిషికి మూడు తెరలు ఎందుకు? ఇవ్వాళ మానిటర్లు వచ్చాయి, రేపు ఇంకో కుర్చీ వస్తుంది, ఎల్లుండి ఆ కుర్చీలోకి ఇంకో మనిషి వస్తాడు. హాలు యజమాని ధర్మేందర్ చెడ్డవాడేం కాదు. కానీ యజమాని. నిన్న సాయంత్రం గేటు దగ్గర అతను చంద్రమ్మతో తగ్గుగొంతుతో ఏదో మాట్లాడుతుండగా ఐలయ్య కళ్లారా చూశాడు. చంద్రమ్మ అంటే ఐలయ్య భార్యే, అదే హాలులో వంటపనికి వస్తుంది. ఐలయ్య దగ్గరికి రాగానే ఇద్దరూ ఆపేశారు. ఏందని అడిగితే, "అల్లం తక్కువ వడ్డది" అంది. అల్లం గురించి అంత మెల్లగా ఎవరైనా మాట్లాడతారా?

ఆయన భయమంతా ఆ గది పోతుందనే. నిచ్చెన మీద ఆయాసం వస్తోందని తెలిస్తే ఇక చాల్లే అంటారు. అందుకే ఆగినప్పుడల్లా ముందు చుట్టూ చూసేవాడు. చదువు లేదు, పొలం అన్నలు చూసుకుంటున్నారు. పెళ్లి ఊరేగింపుల్లో మైకుపెట్టెలు మోయడంతో మొదలుపెట్టి, వైర్లు చుట్టి, క్యాసెట్లు మార్చి, ఇన్నేళ్లకు ఈ కుర్చీ దాకా వచ్చాడు. ఈ కుర్చీలో కూర్చుని బటన్ నొక్కితే హాలు హాలంతా తలెత్తి చూస్తుంది. ఇంటి దగ్గర ఆయన పిలిస్తే కుక్క కూడా తలెత్తదు.

పనయిపోయిందని చెప్పి మల్లేష్ టిఫినుకు దిగాడు. ఐలయ్య మానిటర్లను ముందునుంచి చూశాడు, వెనకనుంచి చూశాడు. చివరిదాని పై అంచున, సరిగ్గా నడిమధ్యన, శనగగింజంత నల్లటి కన్ను కనబడింది. కెమెరా. ఇప్పుడర్థమైంది. తను ఎన్నిసార్లు ఛాతీ పట్టుకుంటున్నాడో ఆఫీసులో కూర్చుని చూడటానికి! వేలితో మూశాడు. పెళ్లంతా వేలు పెట్టుకుని కూర్చోలేడు. టేపు కోసం వెతికితే మల్లేష్ దాన్ని జేబులో వేసుకుని పోయినట్టున్నాడు. అది కూడా ఐలయ్యకు అనుమానంగానే తోచింది.

మళ్లీ నిచ్చెన దిగి వంటశాలకు వెళ్లాడు. చంద్రమ్మ వంకాయలు కోస్తోంది.

"ఒక బొట్టుబిళ్ల ఇయ్యి."

"నీకెందుకయ్యా?"

"పనుంది."

"పాకెట్టు ఇంటికాడ ఉన్నది."

"నీ నొసట ఉన్నదియ్యి."

చంద్రమ్మ కత్తిపీట మీదనుంచి తలెత్తి ఆయన మొహం చూసింది. "ఏందయ్యా గా చెమటలు? జర కూసో. మంచినీళ్లిస్త."

"పొయ్యిల కాడ చెమట పట్టకపోతే ఏం పడ్తది? ఇస్తవా, ఇయ్యవా?"

ఆమె కొంగుకు చెయ్యి తుడుచుకుని, నొసటి మీది ఎర్రటి బిళ్లను గోటితో తీసి, ఆయన చూపుడువేలి కొసకు అంటించింది. పొయ్యి దగ్గరున్న వంటమనిషి అచ్చమ్మ గరిటె ఎత్తింది.

"ఓసి నీ బుద్ధి పాడుగాను! మొగడు ఎదురుంగ నిలబడితే బొట్టు తీసిస్తవా? గదీ పెండ్లింట్ల!"

"మొగనికే ఇచ్చిన గద, బయటోళ్లకా?" అంది చంద్రమ్మ. వంటవాళ్లంతా నవ్వారు. ఆమె కూడా నవ్వుతూనే, వాయనాల పళ్లెంలోంచి చిటికెడు కుంకుమ తీసి నొసట పెట్టుకుంది. ఐలయ్య వేలు పైకెత్తుకుని జాగ్రత్తగా వెనుదిరుగుతుంటే వెనకనుంచి అడిగింది. "మానిటర్లు మంచిగ కనబడ్తున్నయా?"

ఐలయ్య ఆగిపోయాడు. "మానిటర్ల సంగతి నీకెవలు చెప్పిండ్రు?"

చంద్రమ్మ తల దించుకుని వంకాయలు కోయడంలో పడింది.

అంటే ఈమెకు కూడా తెలుసు. ఈమె కూడా వాళ్లలో ఒకతె. నిచ్చెన ఎక్కుతుంటే ఐలయ్య గుండెలో బరువు ఆయాసానిదో, ఆ మాటదో ఆయనకే తెలియలేదు. మధ్యలో రెండుసార్లు ఆగాడు. పైకి వచ్చి, బొట్టుబిళ్లను ఆ నల్లకన్ను మీద పెట్టి వేలితో గట్టిగా ఒత్తాడు.

"ఇగ సూడు," అన్నాడు మానిటర్‌తో.

మిర్యాలగూడ నుంచి పెళ్లికూతురి తరఫు బస్సులు వచ్చాయి. హాలు నిండింది. మేళం మొదలైంది. ఐలయ్య మూడు తెరల ముందు కూర్చుని, మూడింటినీ మూడు రకాలుగా శంకిస్తూ పని మొదలుపెట్టాడు. కాసేపటికి ఒక సంగతి ఒప్పుకోక తప్పలేదు. ఇదివరకు కెమెరాను గుడ్డిగా తెర మీదికి వదిలేవాడు. వీడియోవాడు ఏ క్షణాన ఎటు తిప్పుతాడో తెలియక హాలంతా వాడి చెప్పులు చూసిన రోజులున్నాయి. ఇప్పుడు నడిమి మానిటర్లో ముందే చూసుకోవచ్చు. జీలకర్ర బెల్లం అప్పుడు చేతులు సరిగ్గా పడేదాకా ఆగి బటన్ నొక్కాడు. హాలులో తలలన్నీ లేచాయి. చివరి మానిటర్లో కూడా అవే చేతులు.

మల్లేష్ చెప్పింది నిజమే అయ్యుండొచ్చు. ఐలయ్య జీవితంలో ఇంత దూరం ఎవరినీ నమ్మలేదు.

కానీ తాళి కట్టే వేళ దగ్గరపడేకొద్దీ కుర్చీలో కుదురు లేకపోయింది. ఫొటోలవాళ్లు, వీడియోలవాళ్లు వేదికను గోడలాగా కమ్మేస్తారు. వచ్చినవాళ్లకు ఆ ముడి తెర మీదే కనబడాలి. సరిగ్గా ఇప్పుడు తెర బిగుసుకుపోతే? కిటికీలోంచి చూశాడు. కుచ్చుల వెనక సగం తెర. మానిటర్ చూశాడు. ఎర్రబొట్టు కింద పురోహితుడు మంగళసూత్రం పైకెత్తుతున్నాడు. ఈ ఒక్కసారి చూసి వద్దాం, తర్వాత ఇక దిగొద్దు అనుకుని లేచాడు.

ఈసారి నిచ్చెన మీద ఆగినప్పుడు చుట్టూ చూడలేదు. చూసేవాళ్లెవరూ లేరు, అందరి కళ్లూ అటే ఉన్నాయి. కిందికి చేరి, మధ్యదాకా నడవలేక, ఆఖరి వరుసలో ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చున్నాడు. పళ్లెం పట్టుకుని వస్తున్న ఒకావిడ, ఏ తరఫువాడో అడక్కుండానే ఆయన చేతిలో అక్షింతలు పోసి పోయింది.

తెర నిండా పచ్చటి దారం. సైదులు వేళ్లు ముడి వేస్తున్నాయి. సౌందర్య మెడ మీదనుంచి ఎవరో జడ ఎత్తి పట్టుకున్నారు. పైన మానిటర్లో చూసిందే, చుక్క తేడా లేకుండా, ఇక్కడుంది.

చేరింది, అనుకున్నాడు ఐలయ్య. ఆయనకు చాలా సంతోషమైంది.

మేళం గట్టిగా మోగింది. హాలంతా లేచి అక్షింతలు వేసింది. వెనకవాళ్లవి మామూలుగానే ముందువాళ్ల నెత్తిన పడ్డాయి. ఐలయ్య లేవలేదు.

జనం భోజనాలకు కదిలారు. వీడియోవాడు కెమెరాను వేదిక మీద పెట్టి తనూ వెళ్లాడు. తెర మీద చెల్లాచెదురు పూలు, వచ్చీపోయే పాదాలు పెద్దగా కనబడుతున్నాయి. "ఐలయ్యా, తెర బంద్ చెయ్!" అని ధర్మేందర్ కిందనుంచి అరిచాడు. బదులు రాకపోతే మల్లేష్‌ను పైకి పంపాడు. గదిలో ఎవరూ లేరు. దిగుతున్న మల్లేష్‌కు ఆఖరి వరుసలో తెరవైపు తలెత్తి కూర్చున్న మనిషి కనబడ్డాడు. దగ్గరికి వెళ్లి, "కాకా" అని భుజం తట్టాడు. పిడికిలి విడిపోయి అక్షింతలు తెల్లగుడ్డ మీద పడ్డాయి.

దవాఖాన వరండాలో ధర్మేందర్ తల పట్టుకుని కూర్చున్నాడు. "మెట్లెక్కుతుంటే దమ్మొస్తున్నది సార్, ఏదన్న చెయ్యుండ్రి అని నువ్వడిగితేనే గదా చంద్రమ్మా, నేను పెట్టించింది. దిగకుంట కూసుంటడనుకున్న."

"నాకన్న చెప్పాలె గదా అని వంటకాడికెల్లి పొయ్యేముందు కూడ నా మొకం సూసిండు సార్," అంది చంద్రమ్మ. "నేనే చెప్పలే. చెప్తే దవాఖానకు తీస్కపోయే ఉపాయమనుకుంటడని..." ఆ మాట పూర్తికాకముందే ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది.

పదకొండో రోజు అయిపోయాక ఆమె హాలుకు వచ్చింది. ఎప్పుడూ ఎక్కని ఆ నిచ్చెన ఎక్కింది. సగంలో ఆగి, కమ్మీ పట్టుకుని, మళ్లీ ఎక్కింది. కుర్చీలో మల్లేష్ ఉన్నాడు. ఇంకో మనిషి దొరికేదాకా చూసుకోమన్నారని, తప్పు చేసినవాడిలా లేచి నిలబడ్డాడు. ఆమె టిఫిన్ డబ్బా తీసుకుంది. తువ్వాలు మడిచి చంకలో పెట్టుకుంది.

"చిన్నమ్మా, కాకా గిదెందుకు అంటించిండో తెల్వదు," అన్నాడు మల్లేష్ చివరి మానిటర్ చూపిస్తూ. "గా కెమెరాకు నేను వైరే ఇయ్యలే. తియ్యాల్నా?"

చంద్రమ్మ చెయ్యి చాపింది. వేలు బిళ్లను తాకింది. గోరు దాని అంచు కిందికి వెళ్లలేదు. ఆ చెయ్యే నొసటి దాకా వచ్చి, ఏం చేయాలో తెలియనట్టు ఆగింది.

"ఉండనీ," అని చెప్పి ఆమె నిచ్చెన వైపు నడిచింది.

మల్లేష్ దాన్ని తీయలేదు. మానిటర్ నల్లటి అంచు మీద, ఐలయ్య వేలితో ఒత్తిన చోటే, ఎర్రటి బొట్టుబిళ్ల అట్లాగే ఉంది.