డీకన్ పాటలో వెర్నెట్టా గొంతు

ఈ ఆదివారం డీకన్ గ్రిగ్స్ మన చర్చికి వస్తున్నాడట, దానికని తెల్ల సూటు కుట్టించుకున్నాడట, ముందు వరసలో అతని కోసం చోటు ఆపి ఉంచారట. ఈ మాట నాకు చెప్పింది మా పక్కింటి మిస్ టూటీ. ఆవిడకు చెప్పింది పాస్టరు గారి సూట్లు ఉతికే లాండ్రీ ఆవిడ. మిస్ టూటీ నోట్లో నువ్వుగింజ నానదు గానీ, ఆవిడ మోసుకొచ్చిన కబురు వట్టిదైన సందర్భం నాకు గుర్తులేదు.

"వాడికి చర్చి గుర్తొచ్చిందంటే పీకల మీదికి ఏదో వచ్చి ఉంటుంది," అంది ఆవిడ వరండాలో కూర్చుని బఠాణీలు వలుస్తూ. "పోయినసారి వచ్చి ఏం చేశాడో నీకు తెలుసుగా."

తెలుసు. మెంఫిస్‌లో, మా నల్లవాళ్ళ ఆరెంజ్ మౌండ్ పేటలో, నలభై దాటిన వాళ్ళందరికీ తెలుసు. తెలియనట్టు ఉండటం మాకు అలవాటు.

వాడి అసలు పేరు వెండెల్ గ్రిగ్స్. వాళ్ళ నాన్న మా చర్చిలో డీకన్, ఆదివారాలు కానుకల పళ్ళెం తిప్పేవాడు. తండ్రి పదవిని కొడుకు ర్యాప్ పాటల్లోకి పట్టుకుపోయి తన పేరుగా పెట్టుకున్నాడు. నాయనమ్మ ఇంటి వెనక గదిలో ఒక డ్రమ్ మెషీను, ఒక పాత టేపురికార్డరు పెట్టుకుని బీట్లు కట్టేవాడు. బీటంటే పాడేవాడి మాటల కింద నడిచే దరువు. వీడి దరువు అందరి దరువులా పరుగెత్తేది కాదు. జూలై ఎండలో బరువు మోస్తున్న కంచరగాడిదలా నింపాదిగా, నేల అదిరేలా నడిచేది. అబద్ధం ఎందుకు, అది వింటే నా భుజాలు కూడా ఊగేవి. క్యాసెట్లు కాపీ తీసి కారు డిక్కీలోంచి అమ్మాడు. ఆ తర్వాత అట్లాంటా, ఆ తర్వాత లాస్ ఏంజెలెస్, గోడల నిండా, లక్షల్లో అమ్ముడైన పాటలకిచ్చే బంగారు రికార్డులు.

పేరుతో పాటు ఇంకో కథ కూడా వాడి వెంట పెరుగుతూ వచ్చింది. అట్లాంటాలో ఒక గాయని వాడి ఇంటి మేడ మీంచి దొర్లి పడింది. రేడియోలో మాట్లాడే ఒక అమ్మాయి పార్టీలో అందరి ముందూ చెంపదెబ్బ తింది. మర్నాడు అదే రేడియోలో వాడి కొత్త పాట మోగింది. కట్టుకున్న భార్య పిల్లను చంకనేసుకుని పుట్టింటికి పోయి మళ్ళీ రాలేదు. ప్రతిసారీ పేపర్లో "అపార్థం" అని రాశారు. ఆడవాళ్ళ పేర్లు మారేవి, ఆ మాట మారేది కాదు.

వాళ్ళందరికంటే ముందుది మా వెర్నెట్టా. ఇప్పుడు నా జుట్టు కడిగి చుట్టే మనిషి, మా వీధి చివర బ్యూటీ షాపు ఆమెదే.

వాడి ప్రతి పాట మొదట్లో ఒక ఆడగొంతు వినిపిస్తుంది: "డీకన్, తలుపు తియ్." ఆ తర్వాతే దరువు పడుతుంది. పశువుకు ముద్ర వేసినట్టు, బీటు కట్టినవాడు తన పనికి వేసుకునే గుర్తు అది. ఆ మాట కొంచెం ముద్దముద్దగా, మత్తుగా ఉంటుంది. కుర్రకారు ఈలలు వేస్తారు. ఎవరో పిల్ల మనసుపడి తలుపు కొడుతోందని అందరి ఊహ.

ఆ గొంతు వెర్నెట్టాది. అప్పుడామె పంతొమ్మిదేళ్ళ పిల్ల. వాడి పాటకు పల్లవి పాడటానికి వెళ్ళింది. బట్టలు దాచుకునే కొట్టుగదికి లోపల పాత బొంతలు మేకులతో కొట్టి, దాన్నే పాడే గదిగా చేసుకున్నాడు వాడు. పాడటం అయ్యాక ఈమె బయటికొచ్చి, "నీ డ్రమ్ము ఒకచోట వెనకపడుతోంది చూసుకో," అంది. అక్కడున్న ఇద్దరు కుర్రాళ్ళు నవ్వారు. వాళ్ళను బయటికి పంపేసి, వాడు ఈమె దవడ మీద గుద్దాడు. అది విరిగింది. మళ్ళీ ఆ కొట్టుగదిలోకే తోసి గడియ పెట్టాడు. లోపల మైకు నడుస్తూనే ఉంది. తలుపు తియ్యమని ఆమె బతిమాలిన మాట టేపుకెక్కింది. అది ముద్దగా రావడానికి కారణం ఆ విరిగిన దవడ.

చెల్లెల్ని ఇంటికి తీసుకెళ్దామని వచ్చిన ఆమె అన్న ఆల్విన్, కారు టైరు మార్చే ఇనపకడ్డీతో ఆ తలుపు ఊడబెరికి ఆమెను ఎత్తుకొచ్చాడు. వాళ్ళమ్మ ఎర్లీన్ పోలీసుల్ని పిలవనివ్వలేదు. మన నల్ల పిల్లాణ్ణి మన చేత్తో పోలీసులకు అప్పగిస్తే తిరిగొచ్చేది పిల్లాడో శవమో ఎవరు చెప్పగలరు అంది. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. ఆసుపత్రిలో, పిల్ల మెట్ల మీంచి పడింది అని చెప్పింది.

ఆ పై ఆదివారం వాడు చర్చికి వచ్చాడు. మా దగ్గర ప్రసంగం అయ్యాక పాస్టరు చేతులు చాపి పిలుస్తాడు. మనసు బరువెక్కినవాడు లేచి ముందుకెళ్ళి మోకరిస్తాడు. ఏం చేశావని ఎవరూ అడగరు. ఏడిస్తే సంఘమంతా లేచి చప్పట్లు కొడుతుంది, అంతటితో ఆ సంగతి కడిగేసినట్టే. మళ్ళీ ఎత్తినవాడిదే తప్పు. వాడు వెళ్ళాడు, ఏడ్చాడు. ఎర్లీన్ వాణ్ణి కౌగిలించుకుంది. దవడ అతకడానికి పళ్ళకు తీగలు బిగించిన వెర్నెట్టా మూడో వరసలో కూర్చుని ఉంది. నోరు తెరవమన్నా తెరుచుకోదు.

ఆ వేసవిలోనే, వీధిలో పోతున్న కారులోంచి తన గొంతు తనకు వినబడింది.

ఇక ఇప్పటి సంగతి. వచ్చే నెల మా పెద్ద రోడ్డుకు వాడి పేరు పెట్టబోతున్నారు. అది విన్నాక వెర్నెట్టా ఒక విలేకరిని పిలిచి జరిగిందంతా చెప్పింది. డెనీస్ అనే ఆ అమ్మాయి శ్రద్ధగా విని, "నేను నమ్ముతానమ్మా. మా ఎడిటరు మాత్రం ఇంకొకరి నోట కూడా రావాలంటాడు," అంది. ఎర్లీన్ చనిపోయింది. చూసినవాడు ఆల్విన్ ఒక్కడే మిగిలాడు.

ఆ ఆల్విన్ గోదాము పని పోయి ఖాళీగా ఉన్నప్పుడు, పిలిచి పని ఇచ్చింది డీకనే. మెంఫిస్ స్టూడియో చూసుకోవాలి. ఆ తలుపు ఊడబెరికిన చేతిలోనే ఇప్పుడు వాడి స్టూడియో తాళంచెవులు.

వెర్నెట్టా అన్నను భోజనానికి పిలిచి క్యాట్‌ఫిష్ వేయించి పెట్టింది. మొక్కజొన్న రొట్టె అందిస్తూ అడిగింది. ఈ మాటలన్నీ ఆమె తర్వాత నాకు చెప్పినవే.

"చూసింది చూసినట్టు చెప్పన్నా. ఒక్క ముక్క ఎక్కువ వద్దు."

"అమ్మ ఉంటే ఒప్పుకునేది కాదు."

"అమ్మ లేదు. నువ్వున్నావు."

"వాడి దగ్గర పని చేస్తున్నానే, వెర్నా."

"స్టూడియోకి వేసినట్టు నీ నోటికి కూడా తాళం వేశాడేమో చెప్పు, ఇప్పుడే లేచి పోతా."

"ఎక్కడికే పోయేది, ఇది నీ ఇల్లు," అని నవ్వాడట ఆల్విన్. ముల్లు తీసి పళ్ళెం అంచున పెట్టాడట. "సరే. ఆదివారం చర్చి అయ్యాక ఆ అమ్మాయిని రమ్మను. ఆదివారం పూట నేను అబద్ధమాడను. మిగతా రోజులకి గ్యారంటీ లేదనుకో."

మర్నాడు నా తల కడుగుతూ వెర్నెట్టా కూనిరాగం తీసింది. ఆమె పాడగా విని నాకు ఎన్నేళ్ళయిందో. కదిలితే ఆపేస్తుందేమోనని సబ్బు నురుగు కంట్లో పడినా ఊరుకున్నాను.

ఆదివారం చర్చి కిటకిటలాడింది. డెనీస్ చివరి వరసలో నాకూ మిస్ టూటీకీ మధ్య కూర్చుంది. వెర్నెట్టా ముందువైపు కూర్చుని, పక్క చోటు మీద తన చేతిసంచి పెట్టింది. అన్న కోసం. ఎవరో వచ్చి "ఇక్కడ ఎవరైనా ఉన్నారా" అని అడిగితే, "మా అన్న" అంది.

పాస్టరు గారు ప్రసంగం ముగించి చేతులు చాపారు. పియానో మెల్లగా మొదలైంది. ముందు వరసలోంచి తెల్ల సూటు లేచింది. డీకన్ ఒంటరిగా లేవలేదు. మోచెయ్యి పట్టుకుని నడిపిస్తూ పక్కనే ఆల్విన్ ఉన్నాడు, కొత్త టై కట్టుకుని.

వెర్నెట్టా చేతిసంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

డీకన్ మోకరించి భుజాలు అదిరేలా ఏడ్చాడు. "యేసయ్యా" అని నలుగురైదుగురు ఆడవాళ్ళు గొంతు కలిపారు. అప్పుడు ఆల్విన్ మైకు తీసుకున్నాడు.

"మా చెల్లెలికీ ఈ తమ్ముడికీ చిన్న వయసులో ఏదో మాటామాటా వచ్చింది. అంతకుమించి ఏమీ లేదు. ఆ రోజు అది మెట్ల మీంచి పడింది. మా అమ్మ అప్పుడే చెప్పింది, ఆవిడ ఆత్మకు శాంతి కలగాలి. నేను అక్కడే ఉన్నాను. ఇప్పుడు లేనిపోని మాటలు పేపరుకెక్కించి ఒక నల్లవాడు కట్టుకున్నదంతా కూల్చొద్దని మిమ్మల్ని వేడుకుంటున్నాను."

"ఆమెన్" అంది సంఘం.

"ఏ మెట్లురా," అంది మిస్ టూటీ నా చెవి దగ్గర. "ఆ వెండెల్ నాయనమ్మ ఇంటికి మెట్లెక్కడ ఏడ్చాయి. గడప దాటితే నేలే కదా."

డెనీస్ కలానికి మూత పెట్టేసింది. తలెత్తి నావైపు చూసి, మళ్ళీ దించుకుంది.

చప్పట్లు మొదలయ్యాయి. పాస్టరు గారు చెయ్యెత్తి వాటిని ఆపి, మూడో వరసవైపు తిరిగారు. "సిస్టర్ వెర్నెట్టా, రామ్మా. నీ కోసమే ఇంతమంది ఎదురుచూస్తున్నారు."

వెర్నెట్టా లేచింది. దారి పొడుగునా ఆమె వీపు నిమిరారు జనం. మంచి బిడ్డ, మంచి బిడ్డ అన్నారు. డీకన్ మోకాళ్ళ మీద నుంచి లేవకుండానే చేతులు చాపాడు. ఆమె వాడి దగ్గర ఆగకుండా, అన్న ముందు నిలబడింది. ఆల్విన్ మైకు త్రాడును వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ, నేల చూస్తున్నాడు.

"అన్నా," అంది. "ఇటు చూడు."

అతను చూడలేదు.

పాస్టరు గారు ఆమె భుజం మీద చెయ్యి వేశారు. "పాతవి తవ్వుకోవద్దు తల్లీ. ఆ రోజు నిన్ను చావనివ్వకుండా కాపాడింది దేవుడు. ఆయన ముఖం చూసైనా ఇతన్ని క్షమించు."

"దేవుడు ఆ రోజు రాలేదు, పాస్టరు గారూ," అంది వెర్నెట్టా, అన్న వైపు వేలు చూపిస్తూ. "వచ్చింది వీడు."