నీలి పెదవుల జంట

చేపల తొట్టి అద్దానికి పట్టిన నాచు గీకుతుంటే ఫోను మోగింది. ఆఫీసు నుంచి భర్త.

"ఇందాక ఫోన్లో ఎవరితో అంత నవ్వుతూ మాట్లాడావ్?"

ఆమె చెయ్యి ఆగిపోయింది. తను నవ్వినట్టు అతనికెలా తెలుసు?

ఆ ఉప్పునీటి తొట్టి అతని ముచ్చట. అందరిళ్ళలో ఉండే నారింజరంగు క్లౌన్ చేపలు అతని కంటికి ఆనలేదు. ముదురు గోధుమ ఒంటికి వెడల్పాటి తెల్లపట్టీ, పెదవి మీద నీలిగీత ఉన్న అరుదైన జంటను తెప్పించాడు. స్నేహితులొస్తే "నా పెంపకం" అంటాడు. ఉప్పునీళ్ళు కలిపేదీ, రొయ్యలు సన్నగా తరిగి వేసేదీ ఆమె. "ఖాళీగానేగా ఉంటావ్" అంటాడు మొగుడు. "ఆ సేవలో సగం నా కొడుక్కి చెయ్యమ్మా" అంటుంది అత్తగారు.

ఈమధ్యే అల్మరా మీద కెమెరా బిగించాడు, గుడ్లు పెడితే ఆఫీసు నుంచే చూసుకుంటానని. ఫోను పెట్టేసి ఆమె స్టూలెక్కి, కెమెరా పక్కన తల ఆనించి అది చూసేవైపే చూసింది. సోఫా, వంటింటి గుమ్మం, వీధి తలుపు. తొట్టి మాత్రం అంచు కూడా కనిపించలేదు. మొన్నొకనాడు ఆఫీసు నుంచి ఫోన్ చేసి "ఆ పచ్చరంగు నీకు బాగుంటుంది" అన్నాడు. గుర్తుపెట్టుకున్నాడని పొద్దంతా మురిసిపోయింది తను! ఆ పచ్చచీర ఆమె కట్టింది అతను ఆఫీసుకెళ్ళాకే.

సాయంత్రం వస్తూనే అడిగాడు. "ఎవరతను?"

"అతను కాదు, చేపల దుకాణం ఆవిడ. మీ కెమెరాలో చేపలు బాగా కనిపిస్తున్నాయా?"

"కనిపించకేం! పొద్దస్తమానం వాటినే చూస్తున్నా."

"అయితే గుడ్లు చూసే ఉంటారు."

అతను గిరుక్కున తిరిగాడు. రాతికి నారింజరంగు గింజల్లా అంటుకున్న గుడ్లు. మగచేప వాటికి రెక్కలతో విసురుతోంది.

"ఎప్పుడు పెట్టింది?"

"మొన్న."

"మొన్న పెడితే ఇవాళా చెప్పడం?" గదిలోంచి అత్తగారు.

"ఆయనే చూసుకుంటానన్నారుగా అత్తయ్యా."

అతని మొహం కందగడ్డయింది. "అసలావిడ నీకెందుకు ఫోన్ చేసింది?"

"నేనే చేశాను. ఈ రకం గుడ్లని వినగానే ఎగిరి గంతేసింది. చేపపిల్లల్ని పెంచే పనికి తన దుకాణానికి రమ్మంది, జీతానికి. ఆలోచిస్తానన్నాను." ఆమె చెయ్యి తుడుచుకుంది. "ఆలోచించాను. రేపట్నుంచి వెళ్తున్నా. వీధి తలుపు దాటేటప్పుడు మీకు కనిపిస్తాను లెండి."