కోతగాళ్ల గది

మ్యూజియంలో అందరూ ఆమెను భూతద్దం అనే పిలిచేవారు. మెడలో గొలుసు ఉండాల్సిన చోట ఎప్పుడూ ఒక భూతద్దం వేలాడుతుండేది మరి. మేడమెట్ల కింద, చేతులు చాపితే రెండు గోడలూ తగిలే గది ఆమెది. గది నిండా సీసాలు, సీసాల నిండా కోతగాళ్లు. మిరియపు గింజంత ఒళ్లు, దారపు పోగుల్లాంటి ఎనిమిది కాళ్లు. పంట కోతల రోజుల్లో గోడల మీద గుంపులు కడతాయని ఆ పురుగులకు ఆమె ఆ పేరు పెట్టుకుంది.

నిజంగా కోతలు కోసేవాడు మాత్రం ఆమె బావ. అక్క మొగుడు. అదే మ్యూజియంలో సాలెపురుగుల విభాగం అతనిది. మూడు కిటికీల హాలులో కాలు మీద కాలు వేసుకుని కూర్చునేవాడు. సాలెపురుగుల గురించి అతనికి తెలియనిది లేదు. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పకుండా ఉన్న రోజూ లేదు.

ఆ ఏడు మ్యూజియం అధికారిగా కొత్తగా వచ్చిన పెద్దాయనకు పురుగుల గొడవ తెలియదు, గదుల గొడవే తెలుసు. ఒకరోజు మెట్ల కిందకు తొంగిచూసి, "వీటికీ ఎనిమిది కాళ్లేగా? సాలెపురుగుల హాల్లో ఓ మూల పడేస్తే ఈ గది చీపుర్లకు పనికొస్తుంది కదా?" అన్నాడు.

పక్కనే ఉన్న బావ, ఆమె వైపు ఓరగా చూసి, "అన్నీ ఒక తానులో ముక్కలేనండీ. నా హాల్లో సర్దేస్తాలెండి" అన్నాడు.

భూతద్దానికి ఒళ్లు మండిపోయింది. పెద్దాయన అటు వెళ్లగానే బావను నిలేసింది.

"బావగారూ, గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి. ఇవి సాలెపురుగులా?"

"కాదని నాకు తెలుసు, నీకు తెలుసు. ఆయనకెందుకు మరదలా? ఆ మూల కూర్చుని ఆడిస్తావులే నీ పొడుగుకాళ్ల సంతానాన్ని!"

ఆమె నేరుగా అక్క దగ్గరకు వెళ్లింది. మ్యూజియానికి గాజుపెట్టెలు చేసేది అక్కే. ఆ శనివారం జనం ముందు ప్రదర్శనకని బావ ఒక పెట్టె చేయించుకుంటున్నాడు. అందులో నేలమాళిగలోని పొడుగుకాళ్ల సాలెపురుగులను పెట్టి, గూడు అల్లడం అందరికీ కళ్లారా చూపించాలని అతని ఉబలాటం.

"అక్కా, అచ్చం అలాంటిదే ఇంకోటి చెయ్యవూ?"

అక్క రంపం ఆపి చెల్లెల్ని ఎగాదిగా చూసింది. "ఏదో కొంప ముంచే పనే అయుంటుంది" అంది. "నల్లగుడ్డ కూడా కావాలా?"

శనివారం పొద్దున హాలు కిటకిటలాడింది. బల్ల మీద నల్లగుడ్డ కప్పిన పెట్టె. మెడకు కొత్త టై బిగించుకుని బావ. అసలు పెట్టె ఎప్పుడో మెట్ల కిందకు చేరిపోయింది. పెద్దాయన నాలుగు మాటలు మాట్లాడి, ఇంద్రజాలికుడిలా గుడ్డ లాగాడు.

లోపల ముప్పై దాకా కోతగాళ్లు ఒకదాన్నొకటి పట్టుకుని, గుంపంతా కలిసి గుంజీలు తీస్తున్నట్టు పైకీ కిందకీ ఊగుతున్నాయి.

బావ మొహంలో నెత్తురుచుక్క లేదు. చప్పున మరదలి వైపు చూశాడు. ఆమె పైకప్పు వైపు చూస్తోంది. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అవి సాలెపురుగులు కావంటే, ఒక తానులో ముక్కలన్న మాట ఏమైపోవాలి? అవునంటే, గూడేదీ? ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"ఎప్పుడు అల్లుతాయండీ?" ముందు వరసలో ఒకావిడ అడిగింది.

"అల్లుతాయమ్మా... ఇంతమందిని చూసి కాస్త సిగ్గుపడుతున్నాయి."

జనం ఎదురుచూశారు. కోతగాళ్లు గుంజీలు తీస్తూనే ఉన్నాయి. వెనక ఎవరో ఆవలించారు. పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "ఇవి మహా విషపు సాలెపురుగులు! లోకంలో ఇంత విషం ఇంకో పురుగుకు లేదు. కోరలు పొట్టివి కాబట్టి మనం బతికిపోయాం."

అంతే. బావ కోతలు కోస్తాడు గానీ, పురుగు విషయంలో ఇంకొకరు చెప్పే అబద్ధం పక్కన నిలబడలేడు.

"విషమా? చుక్క లేదండీ!" అని అరిచినంత పని చేశాడు. "అసలివి సాలెపురుగులే కావు! సాలెపురుగుకు నడుముంటుంది, వీటికేదీ? తలా పొట్టా ఒకే ముద్ద. నడినెత్తిన చిన్న దిబ్బ, దాని మీద రెండే కళ్లు. పట్టు లేదు, గూడు లేదు. చచ్చేదాకా కూర్చున్నా ఇవి ఒక్క పోగు అల్లవు!"

పెద్దాయన నోరు తెరిచాడు. బావ ఆగితేనా? మెట్ల కిందకు పరుగెత్తి సీసాలు చంకన పెట్టుకొచ్చాడు. వీటిలో ఆరువేలకు పైగా జాతులున్నాయన్నాడు. మట్టిలో దాక్కునే పొట్టికాళ్ల నలుసులొక తెగ, ఈ దారపుకాళ్లవాళ్లొక తెగ, నత్తల్ని పీక్కుతినేవాళ్లున్నది ఇంకో తెగ, ఒళ్లంతా కవచం తొడిగి ముళ్లచేతులతో తిరిగే వస్తాదులది అన్నిటికంటే పెద్ద తెగ. కొన్నింట్లో గుడ్లకు కాపలా కాసేది తండ్రేనన్నప్పుడు, "నేర్చుకోండి!" అని అక్క వెనకనుంచి కేకేసింది.

సీసాలకు తను కట్టిన చీటీల్లోని మాటలు బావ నోట వింటుంటే భూతద్దానికి కళ్లు చెమర్చాయి. తన గదిలోకి అతను ఎప్పుడు వచ్చి ఇవన్నీ చదివాడో!

"మరి అన్నీ ఒక్కలాగే ఉన్నాయే. ఏది ఏ జాతో ఎలా కనిపెడతారు?" అదే ఆవిడ అడిగింది.

బావ టక్కున ఆగిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి. "అది... మా మరదలు చెబుతుంది."

"చాలావాటిని మగవాటి మర్మాంగం చూసేనండీ," అంది భూతద్దం తొణక్కుండా, మెడలోని అద్దం పైకెత్తి చూపిస్తూ. "అందుకే ఇది."

హాలంతా గొల్లుమంది. ఆవిడైతే కుర్చీ పట్టుకుని మరీ నవ్వింది.

జనం వెళ్లాక పెద్దాయన చేతులు రుద్దుకుంటూ వచ్చాడు. "ఇంత గొప్పవాటికి మెట్ల కింద గదేమిటి? ఈ హాలు వీటికే. సాలెపురుగుల్ని మెట్ల కిందకు పంపించండి."

బావ మొహం వాడిపోయింది. భూతద్దం తన గది తనకు ఉంటే చాలనుకుంది గానీ, ఇంత గెలుపు ఆమెకు అరిగేది కాదు.

"వద్దండీ, హాలు ఇద్దరికీ చాలుతుంది," అంది. "రెండు కిటికీలు నావి, ఒకటి బావగారిది. మెట్ల కింద చీపుర్లు పెట్టుకోండి."

"రెండా?" అన్నాడు బావ.

"మూడూ తీసుకోనా?"

ఆ సాయంత్రం అంతా బావ సీసాలు మోస్తూనే ఉన్నాడు. కవచాలవాళ్లను ఎండ తగిలే చోట పెట్టొద్దని ఆమె, అక్కడే అందంగా కనిపిస్తాయని అతను. ఇద్దరూ గొంతులు పెంచుకుంటుంటే అక్క టేపు పట్టుకుని, హాలు మధ్యలో ఇద్దరికీ అడ్డుగా నిలబెట్టే బీరువాకు కొలతలు తీసుకోవడం మొదలుపెట్టింది.