టిక్కు పెట్టిన గడి

పని ఇప్పించే ఆఫీసులో ఆమెది పదకొండేళ్ళ సర్వీసు. మనిషిని పనికి పంపేముందు ఆ పనిచోటుకు వెళ్ళి చూసిరావాలి, ప్రమాదం ఏదైనా ఉంటే కాగితం మీద రాసి అతని చేతికివ్వాలి. చట్టం అదే. ఫారంలో "చూశాము" అని ఒక గడి కూడా ఉంది. సోమవారం పొద్దున టీ చల్లారేలోగా వారానికి సరిపడా ఫారాలన్నిటికీ అక్కడ టిక్కు పెట్టేయడం ఆఫీసు ఆనవాయితీ. పెట్టేది ఆమే. ఆఫీసు వ్యాను ఓనరుగారి పిల్లల్ని బడికి మోయడానికే సరిపోయేది మరి.

అట్టల ఫ్యాక్టరీకి పంపిన మనిషి ఒక మధ్యాహ్నం ఆఫీసుకు వచ్చాడు. కుడిచేతికి మోచేతి దాకా కట్టు. కోత మెషిన్‌కు చెయ్యి లోపలికి పోకుండా ఆపే అడ్డు రేకు లేదు, మూడు వేళ్ళు పోయాయి.

ఓనరు ఆమెను లోపలికి పిలిచి, పాత తేదీ వేసిన కాగితం ఇచ్చాడు. "రేకు లేదని ముందే చెప్పామని అతనితో సంతకం పెట్టించు. టిక్కు నీది. రేపు ఏదైనా వస్తే నీ మెడకే చుట్టుకుంటుంది."

ఆమెకు ఇంట్లో మంచం పట్టిన భర్త గుర్తొచ్చాడు. కాగితం తెచ్చి కట్టుతో కూర్చున్న మనిషి ముందు పెట్టింది.

"ఎక్కడ పెట్టమంటారక్కా?" అతను ఎడమచేత్తో పెన్ను పట్టుకున్నాడు. "కోడి గీకినట్టుంటుంది, నవ్వకండి."

"చదవవా?"

"మీరు చదివారుగా. అక్కడ పాతవాళ్ళు కూడా ఆ మెషిన్ జోలికి పోవద్దన్నారు. 'మా ఆఫీసు అక్క చూసి వెళ్ళింది, ఏం కాదులే' అన్నాను నేను."

ఆమె సిగ్గుతో చచ్చిపోయింది.

"నేను రాలేదు తమ్ముడూ. ఎవ్వరం రాలేదు."

అతను తిట్టలేదు. తిడితే బాగుండేది. కట్టు వంక చూసుకుంటూ కూర్చున్నాడు.

ఆమె కాగితం వెనక్కి తిప్పింది. "ఆ చోటు చూడకుండానే చూశామని టిక్కు పెట్టాను" అని రాసి, సంతకం చేసి, ఆ రోజు తేదీ వేసింది.

"లేబర్ ఆఫీసులో ఇవ్వు."

"మరి మీ ఉద్యోగం?"

ఒంటి చేత్తో కాగితం మడవలేక అతను తిప్పలు పడుతుంటే, ఆమే మడిచి అతని జేబులో పెట్టింది.